పాతాళం పైకి వచ్చిన ఊరు

కిందటి ఏడాది పెరడు బాగు చేయిస్తుంటే మా కోడలు వచ్చి, "మామయ్యా, ఆ రుబ్బురోలు తీయించేద్దామా? గ్రైండరు వచ్చాక దాని మొహం చూసినవాళ్ళే లేరు. దారికి అడ్డం తప్ప ఏముంది?" అని అడిగింది. ఆ అమ్మాయి అన్నదాంట్లో తప్పేమీ లేదు. సరేనన్నాను. మేస్త్రీ గడ్డపార పెట్టి పెకలించబోయాడు. రోలు కదల్లేదు కాని, అంచున అరచెయ్యంత పెచ్చు ఊడి వచ్చింది. తీసి చూద్దును కదా, పైకి దుమ్ము కొట్టుకుపోయి బూడిదరంగులో ఉన్న రాయి లోపల ముదురాకుపచ్చ కలిసిన నలుపులో, అప్పుడే నువ్వులనూనె రాసినట్టు నిగనిగలాడుతోంది.

"దాని జోలికి పోవద్దు, ఉండనీ" అన్నాను మేస్త్రీతో. "ఇంతలోనే ఏమైంది మామయ్యా?" అంది మా కోడలు. ఆ పూట జవాబు చెప్పడానికి కుదరలేదు. చెప్పాలంటే పాతిక కిలోమీటర్ల లోతుకు దిగాలి మరి! అందుకని తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. ఈ పత్రిక చదివే కుటుంబాల్లో చాలామంది ధర్మపురి, కృష్ణగిరి, హోసూరు, సేలం, బెంగుళూరుల్లో ఉన్నవారే గనుక ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు, మనందరి కాళ్ళ కింది నేల కథ.

బంగారం కోసం వచ్చారనుకున్నాం

మా పూర్వులు ఎప్పుడో చిత్తూరు వైపు నుంచి ధర్మపురికి వచ్చి స్థిరపడ్డారు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. నేను ఇక్కడి బడిలో సైన్సు మేష్టారుగా కొత్తగా చేరిన రోజుల్లో, అంటే 1980 ప్రాంతంలో, ఊరి చుట్టుపక్కల కొందరు కొత్త మనుషులు తిరుగుతుండేవారు. చేతిలో సుత్తి, భుజాన గుడ్డసంచి. రోడ్డు పక్కన కొట్టిన బండల దగ్గర ఆగడం, ఓ ముక్క పగలగొట్టడం, భూతద్దంతో చూడడం, కాగితంలో చుట్టి సంచిలో వేసుకోవడం. అప్పట్లో కోలారు గనులు నడుస్తున్నాయి కదా, మన దగ్గర కూడా బంగారం పడిందని ఊరంతా పుకారు. పొలాల ధరలు పెరుగుతాయని ఆశపడినవాళ్ళూ లేకపోలేదు!

ఒకరోజు నేను నలుగురు పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళి, వారిలో పెద్దాయన్ని ధైర్యం చేసి అడిగాను. ఆయన నవ్వి, ఒక రాయి పగలగొట్టి నా చేతిలో పెట్టారు. సరిగ్గా మా రోలు పెచ్చు లాంటిదే. "మేష్టారూ, ఇది ఇక్కడ తయారైంది కాదు. ఇరవై, పాతిక కిలోమీటర్ల లోతున తయారై పైకి వచ్చింది. మేము వెతికే బంగారం ఇదే" అన్నారు. నేను పైకి తల ఊపాను కాని నమ్మలేదు. మా ఇంటి బావి ముప్ఫై అడుగులు తవ్వించడానికే మా నాన్న అప్పులపాలయ్యాడు. పాతిక కిలోమీటర్ల కింది రాయి తనంతట తాను నడిచి వస్తుందా?

వస్తుంది. ఆ రోజుల్లో జరిగిన పరిశోధనలు తరవాత పుస్తకాల్లో చదివి తెలుసుకున్నాను. మైసూరు విశ్వవిద్యాలయానికి చెందిన జనార్దన్, షికాగో నుంచి వచ్చిన న్యూటన్, హాన్సెన్ కలిసి దక్షిణ కర్ణాటక, ఉత్తర తమిళనాడు రాళ్ళ మీద 1982లో ఒక ప్రసిద్ధమైన వ్యాసం ప్రకటించారు. అదే ఏడాది కాండీ, ఆలెన్, నారాయణ అనే ముగ్గురు మన ప్రాంతపు రాళ్ళ రసాయన స్వభావాన్ని విశ్లేషించారు. ప్రపంచంలో భూమి లోపలి భాగాన్ని పైనుంచే నడిచి చూడగల చోట్లు కొద్దిగానే ఉన్నాయి. వాటిలో మనది పేరెన్నికగన్నది.

సమాధి రాయి పేరు

ఈ రాయి పేరు చార్నొకైటు. పేరు వెనక చిన్న కథ ఉంది. కలకత్తాలో ఈస్టిండియా కంపెనీ స్థావరం పెట్టిన జాబ్ చార్నాక్ 1693లో మరణించాడు. సెయింట్ జాన్స్ చర్చి ఆవరణలో ఆయన సమాధి మీద పరిచిన నల్లరాయి మద్రాసు దగ్గర పల్లావరం ప్రాంతం నుంచి వెళ్ళింది. రెండు వందల ఏళ్ళ తరవాత, 1893లో, భారత భూవిజ్ఞాన సర్వే సంస్థలో పనిచేసిన థామస్ హాలెండ్ ఆ రాతిని పరిశీలించి, సమాధిలోని మనిషి పేరునే రాయికి పెట్టాడు. అలా మన దక్షిణాది రాయి కలకత్తా వెళ్ళి పేరు తెచ్చుకుంది. ఇప్పుడు అంటార్కిటికాలో ఇలాంటి రాయి దొరికినా దానిని ఆ పేరుతోనే పిలుస్తారు. చెన్నైలో సెయింట్ థామస్ మౌంట్ దగ్గరి చార్నొకైటును జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించారు.

తెలుగునాట కూడా దీనికి చుట్టాలున్నారు. కొండపల్లి కొండల్లో చార్నొకైటు ఉంది. సింహాచలం వైపు కనిపించే ఖొండలైటు కూడా లోతుల్లో కాలిన రాయే. దానికి ఆ పేరు ఖోండు గిరిజనుల మీదుగా వచ్చింది. అయితే తూర్పు కనుమల రాళ్ళు మనవాటికంటే బాగా చిన్నవి. ధర్మపురి రాళ్ళు ఇప్పటి రూపానికి వచ్చి సుమారు 250 కోట్ల సంవత్సరాలైంది. అప్పటికి గాలిలో ప్రాణవాయువు దాదాపు లేదు. చెట్టు లేదు, చేప లేదు. ప్రాణమంటే కంటికి కనబడని ఒంటికణం జీవులే.

ఆ వయసు ఎలా తెలుస్తుందంటే, ఈ రాళ్ళలో జిర్కాను అనే ఇసుకరేణువంత ఖనిజం ఉంటుంది. అది తయారైనప్పుడు కొద్దిగా యురేనియాన్ని పట్టి ఉంచుకుంటుంది. యురేనియం నెమ్మదిగా సీసంగా మారుతుంది. ముఖ్యమైన రకంలో సగం మారడానికి 447 కోట్ల ఏళ్ళు పడుతుంది. ఎంత సీసం చేరిందో కొలిస్తే గడియారం చూసినట్టే.

బస్సులో కూర్చుని పాతాళానికి

మీలో చాలామంది బెంగుళూరు నుంచి సేలం వైపు వెళ్ళి ఉంటారు. హైదరాబాదు, కర్నూలు, అనంతపురం మీదుగా వచ్చే ఒకప్పటి ఏడో నంబరు, ఇప్పటి 44వ నంబరు జాతీయ రహదారి అది. ఈసారి ప్రయాణంలో నిద్రపోకుండా ఇది గమనించండి.

బెంగుళూరు లాల్‌బాగులో కెంపెగౌడ గోపురం ఉన్న బండ ఎక్కే ఉంటారు. తెల్ల, బూడిద చారలున్న ఆ రాయిని నైసు అంటారు. 300 కోట్ల ఏళ్ళ నాటిదని చెప్పే ఆ బండ కూడా జాతీయ స్మారకమే. దానిలో నల్ల అభ్రకం, హార్న్‌బ్లెండు అనే ఖనిజాలుంటాయి. ఈ రెంటి శరీరంలోనే కొద్దిగా నీరు బంధించబడి ఉంటుంది. కృష్ణగిరి దాకా ఈ చారల రాయి రాజ్యమే. కృష్ణగిరికీ ధర్మపురికీ మధ్య మార్పు మొదలవుతుంది. ధర్మపురి దాటి దక్షిణంగా వెళ్ళేకొద్దీ చారలు మాసిపోయి, రాయంతా నూనెమెరుపున్న ముదురు రంగుకు తిరుగుతుంది. ఏర్కాడు ఉన్న షెవరాయ్ కొండలకు చేరేసరికి మొత్తం చార్నొకైటే.

అంటే ఏమిటి? పుస్తకాల దొంతరను ఒక పక్కకు ఏటవాలుగా వాల్చి, పైభాగాన్ని రంపంతో సమంగా కోశారనుకోండి. కోసిన బల్లపరుపు మీద వేలు పెట్టి ఒక చివర నుంచి మరో చివరకు జరిపితే, పై పుస్తకం నుంచి అట్టడుగు పుస్తకం దాకా అన్నీ తగులుతాయి. మన దక్షిణాపథం అలాంటి దొంతర. దక్షిణపు వైపు ఎక్కువగా పైకి లేచి, ఎక్కువగా అరిగిపోయింది. అందుకని చిత్రదుర్గం వైపు పై పుస్తకాలు, మన వైపు అడుగు పుస్తకాలు. చార్నొకైటు ఉన్న ప్రాంతాన్నీ లేని ప్రాంతాన్నీ వేరుచేస్తూ లూయిస్ ఫెర్మర్ అనే శాస్త్రజ్ఞుడు 1936లోనే పటం మీద ఒక గీత గీశాడు. దాన్ని నేటికీ ఫెర్మర్ గీత అనే అంటారు.

లోతుల్లో జరిగిన వంట

ఇరవై, ముప్ఫై కిలోమీటర్ల లోతున వేడి 700 నుంచి 800 డిగ్రీల సెంటిగ్రేడు. మన మీద ఉన్న గాలి ఒత్తిడికి ఆరేడు వేల రెట్లు ఒత్తిడి. ఆ వేడికి అభ్రకం, హార్న్‌బ్లెండు తమలోని నీటిని వదులుకుని హైపర్‌స్తీను అనే పొడి ఖనిజంగా మారతాయి. హైపర్‌స్తీను ఉండడమే చార్నొకైటుకు గుర్తు.

ఈ మార్పు సగంలో ఆగిపోయిన చోటు ఒకటి కనకపుర దగ్గర కబ్బాల్‌దుర్గలో ఉంది. అక్కడి బండల్లో బూడిదరంగు నైసు మీద నూనె ఒలికినట్టు ముదురు మచ్చలు, చారలు. పిచ్చముత్తు అనే శాస్త్రవేత్త వాటిని చూసి 1960లో 'నేచర్' పత్రికలో రాశారు, చార్నొకైటు తయారవుతుండగా పట్టుబడిన చోటు ఇదని. నీటిని ఎవరు తరిమేశారన్న దాని మీద మాత్రం వాదాలున్నాయి. లోపలి నుంచి బొగ్గుపులుసు వాయువు ఎగదన్నుకుని వచ్చి నీటిని నెట్టేసిందని కొందరు. ఆ వాయువు సూక్ష్మమైన బుడగలుగా స్ఫటికాల్లో నేటికీ చిక్కుకుని ఉండడం వారికి సాక్ష్యం. రాయి కొంత కరిగి, ఆ కరిగిన భాగమే నీటిని తీసుకుపోయిందని మరికొందరు. చిక్కటి ఉప్పునీరు కూడా పాలుపంచుకుందని తరవాత తేలింది.

మరి లోతు ఎంతో ఎలా చెప్పగలరు? గార్నెట్టు అనే ఎర్రటి ఖనిజం, దాని పక్కనే ఉన్న ఫెల్డ్‌స్పారు కాల్షియాన్ని పంచుకుంటాయి. ఎవరి వాటా ఎంతన్నది ఒత్తిడిని బట్టి మారుతుంది. ఆ వాటాలు కొలిస్తే ఒత్తిడి, ఒత్తిడి తెలిస్తే లోతు.

హొగెనకల్ పుట్టి చెప్పే రహస్యం

ఇక అసలు ప్రశ్న. అంత లోతు నుంచి ఇది పైకి ఎలా వచ్చింది?

హొగెనకల్ జలపాతం దగ్గర పుట్టి ఎక్కారా? తమిళంలో పరిసల్ అంటారు. ఎనిమిదిమంది ఎక్కితే అది నీళ్ళలోకి బాగా దిగుతుంది. ఒడ్డు చేరాక ఒక్కొక్కరే దిగుతుంటే, దిగినప్పుడల్లా పుట్టి కాస్త పైకి లేస్తుంది. భూమి పై పెంకు కూడా కింద ఉన్న బరువైన రాతి మీద అలాగే తేలుతోంది. కింద ఉన్నది నీరు కాదు, గట్టి రాయే. కాని లక్షల ఏళ్ళ లెక్కలో అది మైనంలా నెమ్మదిగా జరుగుతుంది. వానలు, నదులు పైనుంచి వెయ్యి మీటర్ల రాయి కోసుకుపోతే, బరువు తగ్గి కింది రాయి సుమారు 800 మీటర్లు పైకి లేస్తుంది. మళ్ళీ కోత, మళ్ళీ లేవడం. రాయి నడిచి రాలేదు. పైనున్నవాళ్ళు ఒక్కొక్కరే దిగిపోయారు, అంతే. దీనికి తోడు పెద్ద పగుళ్ళ వెంట జరిగిన కదలికలు కొన్ని పలకలను మరింత ఎత్తాయి.

ఇందులో ఒక చిక్కుముడి ఉంది. పాతిక కిలోమీటర్లు పోయాక మన కింద పెంకు పల్చబడి ఉండాలి కదా? హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవారు మన కుప్పం నుంచి పళని దాకా నేలలో చిన్న చిన్న పేలుళ్ళు జరిపి, ఆ ప్రకంపనలు లోపలి పొరలకు తగిలి తిరిగి వచ్చే వేళను కొలిచారు. ఫలితాలు 2003లో పుస్తకంగా వచ్చాయి. చూస్తే ఇక్కడి పెంకు ఈనాటికీ 40 కిలోమీటర్లకు పైనే మందం! పోయిన పాతిక, మిగిలిన నలభై కలిపితే అరవై అయిదు. ఈ రోజుల్లో అంత మందం ఎక్కడుందయ్యా అంటే, హిమాలయాల వెనక టిబెట్టు కింద. అంటే ఈ సజ్జచేల మీద, మామిడితోపుల మీద ఒకప్పుడు ఎంతటి పర్వతాలు నిలిచి ఉండవచ్చో ఊహించండి.

ఇంత కాలమైనా ఈ రాయి మళ్ళీ పాత నైసుగా ఎందుకు మారలేదని మా బడిలో ఒక పిల్లవాడు అడిగాడు. మంచి ప్రశ్న. మారడానికి నీరు కావాలి. నీరంతా లోతులోనే పోయింది. కాల్చిన ఇటుక చల్లారినంత మాత్రాన మళ్ళీ మట్టి కాదు కదా!

మా అక్క పళ్ళు

ఇంతవరకూ చెప్పింది రాళ్ళ సంగతి. ఇప్పుడు మనుషుల సంగతి.

మా ఇంటి బావి నీళ్ళంటే మా వీధిలో మంచి పేరు. రుచిగా ఉంటాయని, కందిపప్పు ఇట్టే ఉడుకుతుందని ఇరుగుపొరుగువారు బిందెలు తెచ్చుకునేవారు. కాని మా అక్కకు, నాకు, తమ్ముడికి పళ్ళ మీద గోధుమరంగు చారలు. మా అమ్మ పళ్ళు మల్లెమొగ్గలు. ఆమె పెరిగింది వేరే ఊళ్ళో. అందుకని తప్పు మాదేనని ఆమె నమ్మకం. వేపపుల్ల, కచ్చిక, బొగ్గుపొడి, ఉప్పు, అన్నీ అయ్యాయి. "ఒళ్ళు వంచి తోమితే పోదా?" అని వీపు మీద నాలుగు తగిలించేది కూడా. అక్కను చూడడానికి చిత్తూరు నుంచి ఒక సంబంధంవారు వచ్చారు. పిల్ల బాగుందన్నారు, కాఫీ తాగారు, వెళ్ళారు. పళ్ళు చూసి వద్దన్నారని మధ్యవర్తి వారం తరవాత చెప్పాడు. అక్క ఆ తరవాత చాలాకాలం చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వలేదు. చివరికి ఈ జిల్లాలోనే సంబంధం కుదిరింది. పెళ్ళిలో సన్నికల్లు తొక్కించేటప్పుడు చూశాను, మా బావగారి పళ్ళూ అక్క పళ్ళలాంటివే. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు.

దోషం తోమడంలో లేదు, రాతిలో ఉంది. ఫ్లోరిన్, ఖనిజంలోని నీటిభాగానికి పరిమాణంలో దగ్గరగా ఉంటుంది. అందుకని అభ్రకంలో, హార్న్‌బ్లెండులో, అపటైటులో నీరు ఉండవలసిన చోట అది దూరి కూర్చుంటుంది. వేడికి నీరు పోయినా అది అంత తేలిగ్గా వదలదు. అలా రాతితోపాటు పైకి వచ్చింది. వాన తక్కువైన మన ప్రాంతంలో రాతి పగుళ్ళలో ఏళ్ళతరబడి నిలిచిన నీళ్ళలోకి దిగుతుంది. సోడా లక్షణం ఎక్కువగా, సున్నం తక్కువగా ఉన్న నీళ్ళలో మరీ ఎక్కువ. పప్పు ఇట్టే ఉడికించే నీళ్ళు కూడా అవే! మన పంటి ఎనామిలు కూడా అపటైటు జాతి ఖనిజమే. రాతిలో చేసిన పనే ఫ్లోరిన్ పంటిలోనూ చేస్తుంది. పళ్ళు తయారయ్యే పసితనంలో తాగినవారికే మచ్చలు వస్తాయి. అందుకే మా అమ్మకు రాలేదు. ఏళ్ళతరబడి ఎక్కువ మోతాదు తాగితే ఎముకలూ కీళ్ళూ బిగుసుకుపోతాయి.

ఈ జబ్బు మన దేశంలో మొదట వెలుగులోకి వచ్చింది తెలుగు పల్లెల్లోనే. 1937లో అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా గ్రామాల గురించి షార్టు తదితర వైద్యులు రాశారు. నల్లగొండ గోడు అందరికీ తెలిసిందే. పటిక, సున్నంతో ఫ్లోరైడు తగ్గించే పద్ధతికి నల్లగొండ పద్ధతి అనే పేరు. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలకు కావేరి నీరు తెచ్చే హొగెనకల్ పథకం 2013లో ప్రారంభమైంది. జపాను సహాయంతో కట్టిన ఆ పథకం పేరులోనే ఫ్లోరోసిస్ నివారణ అని ఉంది. మా వీధికీ ఆ నీళ్ళు వచ్చాయి. మా మనవరాలి పళ్ళు తెల్లగా ఉన్నాయి.

అయినా కుళాయి రానిరోజు బోరు నీళ్ళే దిక్కయ్యే ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. కనుక ఒక్క మనవి. బావి, బోరు నీళ్ళు తాగేవారు ఒకసారి పరీక్ష చేయించుకోండి. లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మంచిది, 1.5 దాటితే తాగడానికి పనికిరాదు. రుచిని బట్టి తెలియదు. కాచితే ఫ్లోరైడు పోదు, నీరు ఇగిరి ఇంకాస్త చిక్కబడుతుంది. ఒక బావిలో ఉన్నది పక్క బావిలో ఉండాలనీ లేదు. ముఖ్యంగా పసిపిల్లలున్న ఇళ్ళవారు అశ్రద్ధ చేయకండి. పిల్లల పళ్ళ మీద చారలు కనిపిస్తే ముందు నీళ్ళను అనుమానించండి, పిల్లల్ని కాదు.

ఈ సంగతులన్నీ చదివి తెలుసుకున్నాక మా అమ్మకు చెప్పాను. అప్పటికి ఆమెకు యాభై దాటాయి. రోటి దగ్గర కూర్చుని దోసెలపిండి రుబ్బుతోంది. పొత్రం ఆపి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత, "అయితే దాన్ని ఊరికే కొట్టానన్నమాట" అంది. ఆ సాయంత్రమే అక్క ఊరికి బస్సెక్కింది.

రోలు పెరట్లోనే ఉంది. మేస్త్రీ దాని చుట్టూ తిప్పి దారి వేశాడు. ఊడిన పెచ్చును మా మనవరాలు పుస్తకాల బీరువాలో పెట్టుకుంది. ధర్మపురి వైపు వచ్చినప్పుడు మా ఇంటికి రండి, చూపిస్తుంది.